నోట్లోంచి జారిపోయిన ‘కే’

మా పెద్దమ్మకు ఆ కుర్ర డాక్టరు మీద కోపం వచ్చింది మోకాళ్ల గురించి కాదు, మర్యాద గురించి. ఆయన ఎక్స్‌రేను వెలుగులో పెట్టి, రెండు ఎముకల మధ్య ఉండాల్సిన సందు ఎలా మూసుకుపోయిందో పెన్నుతో చూపించి, “నీ రీప్లేస్‌మెంట్ తప్పదమ్మా” అన్నాడు. బయటికి రాగానే ఆవిడ నన్ను నిలదీసింది. “నా మనవడి ఈడువాడు. నన్ను పట్టుకుని ‘నీ’ అంటాడా? ‘మీ’ అంటే నోరు పడిపోతుందా? అయినా నన్ను రీప్లేస్ చెయ్యడమేంట్రా?” ఆయనన్నది ఇంగ్లీషు ‘నీ’ అనీ, అంటే మోకాలనీ ఆవిడకు నచ్చజెప్పేసరికి ఆటో మా వీధి మలుపు తిరిగింది. “మరి మోకాలని ఏడవొచ్చుగా” అని దిగిపోయింది.

డాక్టరుదీ తప్పు కాదు, పెద్దమ్మదీ కాదు. ఇంగ్లీషువాళ్లు ఆ మాటను కే, ఎన్, ఈ, ఈ అని రాస్తారు. రాసినట్టే పలికితే ‘క్నీ’ అవుతుంది, అప్పుడీ గొడవే లేదు. ఒకప్పుడు వాళ్లూ అలాగే పలికారు. సుమారు 300 ఏళ్ల కిందట ఆ మొదటి హల్లు వాళ్ల నోట్లోంచి జారిపోయింది. కాగితం మీద మాత్రం కదలకుండా కూర్చుంది.

ఇంగ్లీషు నిఘంటువులో కే పక్కన ఎన్ వచ్చే పేజీలు నాలుగైదుకు మించవు. ఉన్నవి మాత్రం చాలావరకు ఇంట్లో, ఒంట్లో మాటలే. నైఫ్ కత్తి, నాట్ ముడి, నిట్ అంటే అల్లడం, నాక్ అంటే తలుపు తట్టడం, నీడ్ అంటే పిండి పిసకడం, నకిల్ వేలి కణుపు, నోల్ చిన్న మెట్ట, నెల్ చావు కబురు చెప్పే గంట. అన్నిటికంటే ఎక్కువగా వాడేది ‘నో’. కాదనే నో కాదు, తెలుసుననే నో. బళ్లో పిల్లలు వీటన్నిటినీ “కే సైలెంట్” అని దండకంలా వల్లిస్తారు. ఎందుకు సైలెంటని అడిగిన పిల్లవాడికి నా చిన్నప్పుడు వచ్చిన జవాబు, చెప్పింది రాసుకోమని.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ఆ హల్లు గట్టిగానే పలికేది. మోకాలు అప్పుడు దాదాపు ‘క్నేఓ’, తెలుసుకోవడం ‘క్నావన్’, కుర్రవాడు ‘క్నిఖ్ట్’. రాయడానికి కే బదులు సీ వాడేవారు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక వాళ్ల లేఖకుల అలవాట్లు వచ్చిపడ్డాయి, సీ పోయి కే చేరింది. ఇంగ్లీషుకు దాయాదులైన భాషల్లో ఆ హల్లు నేటికీ క్షేమం. జర్మన్లకు మోకాలు ‘క్నీ’, స్వీడన్‌లో ‘క్నే’. ఆ ఇంట్లో పారేసుకున్నది ఇంగ్లీషు ఒక్కటే అన్నా పెద్దగా తప్పు కాదు.

ఎందుకు పారేసుకుందో తెలియాలంటే పుస్తకం అక్కర్లేదు, మీ నోరు చాలు. ‘లక్నో’ అనండి. ఇబ్బందేం లేదు. ఆ ఊరి పేరును ఇంగ్లీషులో రాస్తే చివరి నాలుగక్షరాలు కే, ఎన్, ఓ, డబ్ల్యూ. అచ్చంగా తెలుసుననే ‘నో’ స్పెల్లింగే. కాకపోతే ఇక్కడ కే నిక్షేపంగా పలుకుతోంది. ఇప్పుడు ‘ల’ తీసేసి మిగిలింది పలకండి. క్నో. చాలామందికి తెలియకుండానే నడుమ ఒక చిన్న అచ్చు దూరి ‘కనో’ అయిపోతుంది, లేదా గొంతు ఒక్క క్షణం తడబడుతుంది.

‘క’ పలికేటప్పుడు నాలుక వెనకభాగం లేచి మెత్తని అంగుడికి అతుక్కుంటుంది. ఊపిరి ఆగుతుంది. నాలుక విడగానే చిటికె వేసినట్టు ఒక చప్పుడు, అదే మనకు వినపడే ‘క’. ‘న’ పలికేటప్పుడు నాలుక కొన పళ్ల వెనక ఆని దారి మూస్తుంది, గాలి ముక్కులోంచి పోతుంది. ఈ రెండూ పక్కపక్కన వస్తే ‘క’ చప్పుడుకు నోట్లోంచి బయటపడే దారి ఉండదు, ముక్కులోకి మళ్లి నీరసపడుతుంది. లక్నోలో ముందున్న ‘ల’లోని అచ్చు కాపాడుతుంది. ఆ అచ్చు టక్కున తెగిన తీరులోనే మన చెవి ‘క’ను పట్టేస్తుంది. మాట మొదట్లోనే ‘క్న’ వస్తే అలా చెయ్యందించే అచ్చు లేదు. పలికేవాడు పలికాననుకుంటాడు, వినేవాడికి ‘న’ ఒక్కటే అందుతుంది. వినేవాడి పిల్లలు ఆ ‘న’నే నేర్చుకుంటారు.

ఇదంతా ఊహ అనుకోకండి. ఆఫీసులో అర్జీ ఇస్తే చేతికొచ్చే కాగితాన్ని మనం అక్నాలెడ్జ్‌మెంట్ అంటాం. దాని నడుమ ఉన్నది నాలెడ్జే. విడిగా ఉన్నప్పుడు నోరు విప్పని ఆ కే, ముందు ఒక ‘అ’ చేరగానే ‘అక్’ అని గొంతు విప్పింది. ఇంగ్లీషు మాష్టార్లు ఈ మాటను చూపించి ఉంటే నా చిన్నప్పటి ప్రశ్న సగం తీరేది.

నోటికి బరువైన జంట హల్లును వదిలించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి నడుమ అచ్చు చొప్పించడం. మనం రత్నాన్ని రతనం చేసుకున్నట్టు. 1016లో ఇంగ్లండు గద్దెనెక్కిన డేన్ రాజు పేరు క్నూట్, ఆ పేరుకు అర్థం ముడి. తర్వాతివాళ్లు దాన్ని కన్యూట్ చేశారు. ఫ్రెంచివాళ్లు క్నీఫ్ లాంటి మాటను అరువు తెచ్చుకుని కనీఫ్ అన్నారు, వాళ్లకిప్పుడది చిన్న చాకు. కంప్యూటర్ సైన్సు చదివినవాళ్లకు తెలిసిన డోనల్డ్ కనూత్ పేరులోనూ ఇదే పద్ధతి. కే, ఎన్ చూసి ‘నూత్’ అనేస్తారు కానీ, ఆయన తన పేరును ‘కనూత్’ అనే పలుకుతారు.

రెండో దారి మొదటి హల్లును పూర్తిగా వదిలేయడం. ఇంగ్లీషు అందుకుంది. ఒక్కరోజులో జరగలేదు. 17వ శతాబ్దంలో ఆ మార్పు నడుస్తుండగా విన్న వ్యాకర్తలు కొందరు ‘హ్న’లాగా, ‘త్న’లాగా వినపడుతోందని రాసుకున్నారు. నాలుక ‘న’ కోసం ముందే పళ్ల దగ్గరికి చేరిపోవడంతో ‘క్’ కాస్తా ‘త్’ అయిందన్నమాట. ఇది చదివినప్పుడు నాకు మరాఠీ గుర్తొచ్చింది. మనం జ్ఞానేశ్వర్ అని రాసే సంతు పేరును వాళ్లు ‘ద్న్యానేశ్వర్’ అంటారు. అక్కడా నాలుక అలాగే ముందుకు ఉరికింది.

18వ శతాబ్దం సగానికి లండనులో చదువుకున్నవాళ్ల నోట కే లేదు. కానీ విలియం కాక్స్టన్ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అచ్చుయంత్రం పెట్టింది 1476లో. అప్పటికి కే ఇంకా బతికే ఉంది. అచ్చువాళ్లు దాన్ని పేర్చారు, చదివినవాళ్ల కళ్లు అలవాటు పడ్డాయి. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికి పలుకుబడి పోయినా స్పెల్లింగు బిగుసుకుపోయింది. నోరు వదిలేసినదాన్ని కంపోజిటర్ వదల్లేదు.

ఇక్కడిదాకా ఇంగ్లీషు ఇంటి గోల. ఇకపైన కొంత మనది కూడా.

1786 ఫిబ్రవరి 2న కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీలో విలియం జోన్స్ అనే న్యాయమూర్తి ప్రసంగిస్తూ, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఏదో ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలన్నాడు. ఎలా వచ్చాయో లెక్క కట్టినవాళ్లలో ఒకడు యాకోబ్ గ్రిమ్, పిల్లల కథలు సేకరించిన ఆ అన్నదమ్ముల్లో పెద్దవాడు. 1822లో అతను చూపించిన సూత్రం ప్రకారం లాటిన్, గ్రీకుల్లో ‘గ’ ఉన్నచోట ఇంగ్లీషు, జర్మన్ల కుటుంబంలో ‘క’ ఉంటుంది. అదే హల్లు సంస్కృతంలో ‘జ’ అయింది. అంటే ఇంగ్లీషు కే ఎదురైతే సంస్కృతంలో జ కోసం వెతకాలి.

వెతుకుదాం. బంధుగణాన్ని ఇంగ్లీషులో ‘కిన్’ అంటారు. క తీసి జ పెట్టండి, ‘జన’ దగ్గరికి వస్తారు. మోకాలు లాటిన్‌లో ‘గెను’, గ్రీకులో ‘గొను’, సంస్కృతంలో ‘జాను’. రాముణ్ని ఆజానుబాహువు అంటే చేతులు మోకాళ్లదాకా ఉన్నవాడని. యోగా క్లాసులో తల తీసుకెళ్లి మోకాలికి ఆనించమంటే అది జానుశీర్షాసనం. ట్రిగొనామెట్రీలో నడుమనున్న ‘గొన్’ కూడా ఈ మోకాలి చుట్టమే. కాలు మడిస్తే ఏర్పడేది కోణమే కదా. పెద్దమ్మ ఎక్స్‌రేలో కనపడింది ఇంత పాత సరుకన్నమాట.

ఒక జాగ్రత్త. ఈ ఆట మొదలుపెడితే ఎక్కడ ‘జాన’ కనపడినా మోకాలే కనిపిస్తుంది. జానెడు పొట్టలోని జానకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, తమిళంలో దానికి తోబుట్టువు ‘చాణ్’. ఒకేలా వినపడటం చుట్టరికం కాదు, ఒకే సూత్రానికి లోబడి మారడం చుట్టరికం. మన తెలుగు ఈ ఇంటిది కాదని కూడా గుర్తుంచుకోవాలి. 1816లో కాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆ సంగతి తేల్చాడు. తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబమనీ, సంస్కృతం నుంచి పుట్టలేదనీ. మోకాలు, ముడి, తెలియడం, ఎరగడం మన సొంతం. జాను, జ్ఞానం మనం తెచ్చుకున్నవి.

ఆ తెచ్చుకున్న జ్ఞానంలోనే ఉంది తమాషా. తెలుసుననే ఇంగ్లీషు ‘నో’లో ముందున్న కే, ఎన్‌లకు సంస్కృతంలో జోడీ ‘జ్ఞ’. జకు ఞ ఒత్తు. గ్రీకులో అది ‘గ్న’గా ఉండిపోయింది, డాక్టరు డయాగ్నోసిస్ అనేటప్పుడు మనకు వినపడేది అదే. లాటిన్ మాత్రం ఇంగ్లీషు కంటే ఎన్నో శతాబ్దాల ముందే మాట మొదట్లోని గను వదిలేసింది. గ్నోస్కో నోస్కో అయింది, దాని సంతానమే నోటీసు. కోర్టు నోటీసు అంటే తెలియజేయడమేగా.

మరి మనం ‘జ్ఞ’ను ఏం చేశాం? రాసేది జ, ఞ. పలికేది గ్న, గ్న్య. జ అన్నది ఎవరి నోటా లేదు. పల్లెల్లో జ్ఞాపకం గ్యాపకం, గేపకం అవుతుంది. హిందీవాళ్లకు జ్ఞానం గ్యాన్. పిల్లాడి పాస్‌పోర్టులో జ్ఞానేశ్వర్ అనే పేరును జీ, ఎన్‌లతో రాయించి అమెరికా పంపితే, అక్కడి ప్రొఫెసరు హాజరు పిలుస్తూ ‘నానేశ్వర్’ అంటాడు. వాళ్ల లెక్కలో మాట మొదట్లో జీ పక్కన ఎన్ వస్తే జీ సైలెంట్. దోమలాంటి పురుగు నాట్‌లోనూ, కొరకడమనే నా లోనూ జీని వాళ్లు పలకరు. మనవాడు తెల్లబోతాడు కానీ, ఈ వదిలేయడం మన పూర్వులూ చేశారు.

కరీంనగర్ వైపు, ఇప్పటి జగిత్యాల జిల్లాలో, గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన సుమారు 2,000 ఏళ్ల నాటి నాణేలపై రాజు పేరుకు ముందు ఒక చిన్న మాట ఉంటుంది, ‘రాజుయొక్క’ అనే అర్థంలో. సంస్కృతమైతే అది ‘రాజ్ఞః’ కావాలి. నాణెం మీద ఉన్నది ‘రఞో’. జ లేదు. ఆనాటి పాలకులు శాసనాల్లో, నాణేలపై వాడింది ప్రాకృతం. ప్రాకృతం మాట్లాడే నోరు ‘జ్ఞ’లో మొదటి హల్లును వదిలేసింది, ముద్ర చెక్కినవాడు విన్నదే చెక్కాడు. నోరు వదిలేసినా కేను వదలని ఇంగ్లీషు కంపోజిటర్‌కూ ఇతనికీ తేడా అదే.

ప్రాకృతం మీదుగా తెలుగులోకి వచ్చిన ‘జ్ఞ’ మాటలు ఇదే బాపతు. రాజ్ఞి మనకు రాణి. ఆజ్ఞ ‘ఆన’ అయింది, “నా మీద ఆన” అని ఒట్టు పెట్టేటప్పుడు మనం ఆజ్ఞనే వాడుతున్నాం. సంజ్ఞ ‘సన్న’ అయింది, ఒకరి కనుసన్నల్లో మెలగడమంటే వాళ్ల కంటి సైగను బట్టి నడవడం. యజ్ఞం జన్నమైంది. విజ్ఞాపన ‘విన్నపం’ అయింది. ఈ చివరిదాన్ని కొంచెం ఆగి చూడండి. విన్నపంలో నడుమనున్న ‘న్న’ ఒకప్పటి జ్ఞ. ఆ జ్ఞకు ఇంగ్లీషులో జోడీ కే, ఎన్. అంటే మన విన్నపం, వాళ్ల ‘నో’, కోర్టు నోటీసు మూడూ ఒకే ధాతువు బిడ్డలు. ముగ్గురూ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు కాలాల్లో, ఒకరికొకరు తెలియకుండా ఆ హల్లునే పారేసుకున్నారు. కలెక్టరాఫీసులో విన్నపం ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకునే మనిషి చేతిలో, పోయిన హల్లొకటి, మిగిలిన హల్లొకటి ఉంటాయి.

మనం విజ్ఞప్తినీ వదల్లేదు. పండితుడి కోసం అదొకటి, నోటి కోసం విన్నపం ఒకటి అట్టేపెట్టుకున్నాం. ఇంగ్లీషువాళ్లు ఒకే మాటను రెండు పనులకూ వాడుతున్నారు, కళ్లకు కేతో, చెవులకు కే లేకుండా. నన్నడిగితే మన ఏర్పాటే సుఖం. వాళ్ల పద్ధతికీ ఒక లాభం లేకపోలేదు. స్పెల్లింగును ముందే సవరించుకుని ఉంటే ముడి అనే నాట్‌కూ కాదనే నాట్‌కూ, తెలుసుననే నోకూ కాదనే నోకూ కాగితం మీద తేడా తెలిసేది కాదు.

ఆ ముడి సంగతి మన తీరంవాళ్లకు బాగా తెలుసు, తెలిసినట్టు తెలియకపోయినా. ఓడలకిచ్చే తుపాను హెచ్చరికల్లో గాలివేగాన్ని వాతావరణ శాఖ నాట్స్‌లో చెబుతుంది. తెలుగులో ‘నాట్లు’ అంటే వరినాట్లు అవుతాయని కాబోలు, మనదాకా వచ్చేది మాత్రం కిలోమీటర్లలోనే. నావికులు ఒక చెక్కముక్కకు పొడవాటి తాడు కట్టి, తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకో ముడి వేసి, చెక్కను ఓడ వెనక నీళ్లలోకి వదిలేవారు. 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు చేతిలోంచి ఎన్ని ముళ్లు జారితే ఓడ వేగం అన్ని నాట్స్. ఒకటి గంటకు 1.852 కిలోమీటర్లు. బంగాళాఖాతంలో వాయుగుండం గాలివేగం 34 నాట్స్‌కు, అంటే సుమారు 63 కిలోమీటర్లకు చేరితేనే దానికి తుపాను హోదా, ఒక పేరు. అల్లడమనే నిట్ కూడా ఈ ముడిలోంచి పుట్టిందే.

క్నిఖ్ట్ అనే కుర్రవాడి కథ ఇంకా బాగుంటుంది. పాత ఇంగ్లీషులో వాడు కుర్రాడు, పనివాడు. జర్మన్‌లో క్నెఖ్ట్ నేటికీ పాలేరే. ఇంగ్లండులో రాజు దగ్గర ఆయుధం పట్టి, గుర్రమెక్కి, ‘సర్’ బిరుదు తెచ్చుకుని నైట్ అయ్యాడు. వాడి జతగాడు క్నాఫా, వాడూ కుర్రాడే, జర్మన్‌లో నేటికీ క్నాబె అంటే అబ్బాయి. వాడు ఇంగ్లీషులో దిగజారి ‘నేవ్’ అయ్యాడు, అంటే మోసగాడు. పేకముక్కల్లో మనం జాకీ అనేవాడి అసలు పేరు అదే. ముక్క మూలన ‘కే ఎన్’ అని వేస్తే రాజుగారి కేతో తికమక అవుతోందని 19వ శతాబ్దంలో జే వేసి జాక్‌ను నిలబెట్టారు.

చదరంగంలో నైట్‌కూ అదే గతి పట్టింది. కోనేరు హంపి గుర్రాన్ని ఎఫ్3 గడిలోకి దూకిస్తే స్కోరు కాగితం మీద ‘ఎన్ ఎఫ్3’ అని పడుతుంది. కే అక్షరం రాజుది. గుర్రానికి మిగిలింది రెండో అక్షరం. నోటి నుంచి జారిపోయిన కేను కాగితం మీద నుంచి కూడా తీసేసింది ఆ బోర్డు ఒక్కటే. చీకటి పడే నైట్‌తో మాత్రం దీన్ని కలపకండి. దానికి ముందు కే ఎన్నడూ లేదు. నడుమనున్న జీ, హెచ్ ఒకప్పుడు ‘ఖ’లా పలికేవి, వాటి జోడీ సంస్కృత నక్తంలోని ‘క్’. కార్తీకమాసంలో నక్తం ఉంటున్నామనేవాళ్లు పగలంతా పస్తుండి రాత్రి తింటారు.

పెద్దమ్మకు ఆపరేషను అయింది. ఇప్పుడు వాకర్ లేకుండా వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తోంది. మొన్న జర్మనీలో చదువుకుంటున్న మనవడు వీడియో కాల్ చేస్తే మోకాలు కెమెరా ముందు పెట్టి కుట్ల మచ్చ చూపించింది. “ఇక్కడ దాన్ని క్నీ అంటారు నాయనమ్మా” అన్నాడు వాడు.

“ఏమంటారూ?”

“క్నీ.”

ఆవిడ ఒకసారి పలికి చూసింది. కనీ అని వచ్చింది. మళ్లీ పలికింది. “కాస్త కష్టంగానే ఉందిరా” అంది, “కానీ మర్యాదగా ఉంది.”